ఆసియా అధ్యయనాలు: విశ్వవిద్యాలయ సదస్సులు, సాంస్కృతిక కార్యక్రమాలు – నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పరిశీలన

1.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు
– ఆసియా అధ్యయనాలు అంటే ఏమిటో వివరించగలుగుతారు.
– విశ్వవిద్యాలయంలో జరిగే సాంస్కృతిక కార్యక్రమానికీ, విద్యా సదస్సుకూ ఉన్న తేడాను, సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
– నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఆసియా అధ్యయనాలకు పనికివచ్చే ఆధారాలను పేర్కొనగలుగుతారు.
– వేదికపై విన్న ఒక వాదాన్ని ఆధారంతో పోల్చి పరీక్షించగలుగుతారు.

1.1 విషయ పరిచయం

'ఆసియా అధ్యయనాలు' అనే మాట వినగానే చాలామంది విద్యార్థులకు చైనా, జపాన్, కొరియా వంటి దూర దేశాలు గుర్తుకు వస్తాయి. ఇది పెద్ద నగరాలలోని విశ్వవిద్యాలయాలకు సంబంధించిన విషయమని, పల్లెలో ఉండి ఇంటి దగ్గర చదువుకొనే తమకు దానితో పని లేదని అనుకొంటారు. ఈ అభిప్రాయం సరైనది కాదు. కృష్ణా తీరంలో దొరికిన ఒక ప్రాకృత శాసనంలో గాంధారం, చీనా, తామ్రపర్ణి పేర్లు ఉన్నాయి. ఫణిగిరి శిల్పాలు న్యూయార్క్ వరకు వెళ్ళాయి. పోచంపల్లి నేతగాడు నూలుకు కట్టే ముడిని ఇండోనేషియా నేతగాడు కూడా కడతాడు.

ఇటువంటి సంబంధాలను గుర్తించడం మొదటి మెట్టు మాత్రమే. వాటిని ఆధారాలతో నిరూపించడం రెండవ మెట్టు. ఆ రెండవ మెట్టు ఎక్కించడానికే విశ్వవిద్యాలయాలు సదస్సులు నిర్వహిస్తాయి. ఆ పని ఎలా జరుగుతుందో, అందులో మీ పాత్ర ఏమిటో ఈ భాగంలో తెలుసుకొందాం.

గమనిక: 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. పాత నల్గొండ జిల్లా నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019లో నారాయణపేట జిల్లా ఏర్పడింది. ఈ భాగంలో 'ప్రాంతం' అన్నప్పుడు పాత జిల్లాల పరిధిని ఉద్దేశించామని గ్రహించండి.

1.2 ఆసియా అధ్యయనాలు – అర్థం, నేపథ్యం

ఆసియా ఖండంలోని ప్రజల చరిత్ర, భాషలు, మతాలు, కళలు, ఆర్థిక సంబంధాలు, రాజకీయాలను కలిపి పరిశీలించే విద్యారంగాన్ని ఆసియా అధ్యయనాలు అంటారు. ఇది ఒకే శాస్త్రం కాదు. చరిత్ర, భాషాశాస్త్రం, పురావస్తు శాస్త్రం, అర్థశాస్త్రం, సాహిత్యం మొదలైనవి ఇక్కడ కలిసి పనిచేస్తాయి.

మన దేశంలో ఈ అధ్యయనానికి తొలి సంస్థాగత రూపం 1784లో కలకత్తాలో విలియం జోన్స్ స్థాపించిన ఆసియాటిక్ సొసైటీ. అది వలస పాలన కాలపు సంస్థ. అప్పుడు ఆసియా గురించి ప్రశ్నలు వేసినవారిలో ఎక్కువమంది ఐరోపావారే. 1937లో రవీంద్రనాథ్ ఠాగూర్ శాంతినికేతన్‌లో చీనా భవనాన్ని ప్రారంభించారు. ఆసియావారు ఒకరి గురించి మరొకరు నేరుగా తెలుసుకోవాలన్న ఆశయం దాని వెనుక ఉంది. స్వాతంత్ర్యానికి కొద్ది నెలల ముందు, 1947 మార్చి 23 నుంచి ఏప్రిల్ 2 వరకు ఢిల్లీలో ఆసియా సంబంధాల సదస్సు జరిగింది. దానికి అధ్యక్షత వహించిన సరోజినీ నాయుడు హైదరాబాదులో పుట్టి పెరిగినవారు.

హైదరాబాదులో ఈ కృషి అంతకు ముందు నుంచే ఉంది. 1888లో ఏర్పడిన దాయిరతుల్ మారిఫ్ సంస్థ అరుదైన అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి ముద్రించింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1983లో హిందూ మహాసముద్ర అధ్యయన కేంద్రం ఏర్పడింది. ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో అరబ్బీ, పర్షియన్, చైనీస్, జపనీస్, కొరియన్ వంటి భాషలు బోధిస్తారు.

మన ప్రాంతంలో నల్గొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. ఆసియా అంశంపై సదస్సు జరపాలంటే ఆ పేరుతో ప్రత్యేక శాఖ ఉండి తీరాలనే నియమం లేదు. చరిత్ర, తెలుగు, ఉర్దూ, వాణిజ్య శాస్త్రం, సమాజ శాస్త్రం – ఏ శాఖ అయినా తన కోణం నుంచి ఆ పని చేయవచ్చు.

1.3 రెండు రకాల కార్యక్రమాలు

విశ్వవిద్యాలయంలో జరిగే కార్యక్రమాలను స్థూలంగా రెండు రకాలుగా విభజించవచ్చు.

*1.3.1 సాంస్కృతిక కార్యక్రమాలు*

చిత్ర, శిల్ప ప్రదర్శనలు, నృత్యం, సంగీతం, సినిమా ప్రదర్శన, చేనేత ప్రదర్శన, ఆహారోత్సవం, వారసత్వ యాత్ర వంటివి ఈ కోవకు చెందుతాయి. వీటి బలం ప్రత్యక్ష అనుభవం. పుస్తకంలో పది పేజీలు చదివినా అర్థం కాని విషయం మగ్గం ముందు పది నిమిషాలు నిలబడితే అర్థం కావచ్చు. వీటికి ఒక పరిమితి కూడా ఉంది. ప్రదర్శన మనకు ఇష్టాన్ని, ఆసక్తిని కలిగిస్తుంది కాని, తనంతట తాను ఏ విషయాన్నీ రుజువు చేయదు.

ఉదాహరణకు, 2025 మే 12న బుద్ధ పూర్ణిమ నాడు ప్రపంచ సుందరి పోటీలలో పాల్గొన్న ఆసియా దేశాల ప్రతినిధులు నాగార్జునసాగర్‌లోని బుద్ధవనాన్ని సందర్శించారు. ఆ స్థలం పేరు చాలా దేశాలకు తెలిసింది. ఇది సాంస్కృతిక కార్యక్రమం సాధించగల ప్రయోజనం. అయితే బుద్ధవనంలోని స్తూపం, శిల్పాలు మన కాలంలో నిర్మించినవి. సుమారు 274 ఎకరాల ఈ ఉద్యానవనం 2022 మే 14న ప్రారంభమైంది. వీటిని చూసినవారు ప్రాచీన కట్టడాలను చూశామని అనుకొంటే ఆ పొరపాటును సరిదిద్దవలసింది విద్యా సంబంధమైన చర్చే.

*1.3.2 విద్యా సదస్సులు*

సదస్సు, కార్యశాల, విస్తరణోపన్యాసం, పరిశోధన పత్ర సమర్పణ ఈ కోవకు చెందుతాయి. సాధారణంగా ఒక సదస్సు ఈ క్రమంలో జరుగుతుంది: అంశాన్ని ప్రకటించి పత్ర సంక్షిప్తులను ఆహ్వానిస్తారు. ప్రారంభ సభలో ఒక పండితుడు కీలకోపన్యాసం చేస్తారు. తరువాతి సమావేశాలలో పత్రాలు చదువుతారు. ప్రతి సమావేశానికీ ఒక అధ్యక్షుడు ఉంటారు. పత్రం తరువాత ప్రశ్నలు, చర్చ జరుగుతాయి. ముగింపు సభలో చర్చల సారాంశాన్ని చెబుతారు. ఎంపిక చేసిన పత్రాలను సదస్సు సంచికగా ప్రచురిస్తారు.

ఈ క్రమంలో అన్నిటికంటే ముఖ్యమైనది చర్చ. శాలువాలు, పూలగుచ్ఛాలు, ఛాయాచిత్రాలు సభకు అందాన్ని ఇస్తాయి. వాటితోనే సమయం గడిచిపోయి, ప్రశ్నలకు ఐదు నిమిషాలు కూడా మిగలకపోతే ఆ సదస్సు తన పని చేయలేదనే చెప్పాలి.

మంచి కార్యక్రమంలో ఈ రెండు రకాలూ కలిసి ఉంటాయి. ప్రదర్శన ప్రశ్నను పుట్టిస్తుంది. సదస్సు ఆ ప్రశ్నను పరీక్షిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) 1947 ఆసియా సంబంధాల సదస్సుకు అధ్యక్షత వహించినవారు ఎవరు?
(ఆ) సాంస్కృతిక కార్యక్రమానికి ఉన్న పరిమితి ఏమిటి?

1.4 స్థానిక ఆధారాలు

*1.4.1 విజయపురి శాసనం*

కృష్ణానది కుడి గట్టున, నేటి ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లా పరిధిలో ఉన్న నాగార్జునకొండ లోయ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. ఎడమ గట్టు నల్గొండ జిల్లా. నది ఈ రెండు తీరాలనూ ఎప్పుడూ కలిపే ఉంచింది. కనుక విజయపురిని వదిలి నల్గొండ చరిత్ర చెప్పడం కుదరదు.

క్రీ.శ. 3వ శతాబ్దికి చెందిన వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో బోధిశ్రీ అనే ఉపాసిక ఇక్కడ ఒక చైత్యగృహాన్ని కట్టించింది. ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఉన్న ఆమె శాసనం దానిని తామ్రపర్ణికి, అంటే సింహళానికి చెందిన స్థవిరుల కోసం నిర్మించినట్లు చెబుతుంది. ఆ స్థవిరులు కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి మొదలైన దేశాలవారిని ప్రసన్నులను చేసినవారని వర్ణిస్తుంది. ఆ లోయలో సింహళ విహారం ఉన్నట్లు కూడా దీనివల్ల తెలుస్తుంది. రాజకుటుంబానికి చెందని ఒక స్త్రీ చేసిన దానం ఇంత విశాలమైన ప్రపంచాన్ని పేర్కొనడం గమనించదగిన విషయం.

*1.4.2 ఫణిగిరి*

సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి గుట్ట పాము పడగ ఆకారంలో ఉండటం వల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇక్కడి తవ్వకాలలో స్తూపం, చైత్యగృహాలు, విహారాలు, చక్కని తోరణ శిల్పాలు బయటపడ్డాయి. 2024లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. 2023 జూలై నుంచి నవంబరు వరకు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన తొలి బౌద్ధ కళా ప్రదర్శనలో ఫణిగిరి శిల్పాలకు స్థానం లభించింది. ఆ ప్రదర్శన తరువాత సియోల్‌లోని కొరియా జాతీయ మ్యూజియంలోనూ ఏర్పాటైంది.

*1.4.3 చిటికి నేత*

నూలును నేయడానికి ముందే, వేయవలసిన బొమ్మను బట్టి పోగులను అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. విప్పి మగ్గం ఎక్కించినప్పుడు బొమ్మ తేలుతుంది. దీనిని మన నేతగాళ్ళు చిటికి అంటారు. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న 'ఇకత్' అనే పేరు మలయ్ – ఇండోనేషియా భాషల నుంచి వచ్చింది. దాని అర్థం కూడా కట్టడమే. జపాన్‌లో ఇదే పద్ధతిని కసురి అంటారు. ఉజ్బెకిస్తాన్‌లోనూ ఇది ఉంది. నిలువు పోగులను, పేక పోగులను రెండింటినీ ఇలా కట్టి నేసే జంట ఇకత్ మన దేశంతో పాటు ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో, జపాన్‌లో కనిపిస్తుంది. నూనెతో శుద్ధి చేసిన నూలుతో నేసే తేలియా రుమాళ్ళు ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో ఆ నేత నేటికీ సాగుతోంది.

*1.4.4 ముడుమాల్ నిలువురాళ్ళు*

నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలోని ముడుమాల్‌లో మనిషి కంటే ఎత్తైన నిలువురాళ్ళు వరుసలుగా ఉన్నాయి. ఇవి బృహత్ శిలాయుగానికి చెందినవి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో వీటికి చోటు దక్కింది. కొరియాలోని గోచాంగ్, హ్వాసున్, గాంగ్‌హ్వా ప్రాంతాల రాతి సమాధులు 2000లోనే ప్రపంచ వారసత్వ స్థలాలుగా గుర్తింపు పొందాయి.

*1.4.5 మాటలలో ఆసియా*

ఆధారం అంటే రాయి, గుడ్డ మాత్రమే కాదు. 1890లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద పాలమూరు పట్టణానికి మహబూబ్‌నగర్ అనే పేరు వచ్చింది. 'మహబూబ్' అరబ్బీ పదం, 'నగర్' సంస్కృత పదం. పహాణీ, తహసీల్, జమాబందీ వంటి భూమి లెక్కల మాటలు పర్షియన్, అరబ్బీ మూలాల నుంచి వచ్చి మన పల్లెల నిత్య వ్యవహారంలో కలిసిపోయాయి. మీ ఇంట్లోని పాత భూమి కాగితం కూడా ఆసియా అధ్యయనానికి ఒక పాఠమే.

1.5 వేదికపై విన్న మాటను పరీక్షించడం

పై ఆధారాలను చూసి గర్వపడటం సహజం. కాని ఆ గర్వం తొందరపడితే ఆధారం చెప్పని మాటలు కూడా దానికి అంటగడతాము. మూడు ఉదాహరణలు చూడండి.

మొదటిది: 'చైనా విద్యార్థులు నాగార్జునకొండకు వచ్చి చదువుకొన్నారని శాసనంలో ఉంది' అని ఒక వక్త చెప్పారనుకోండి. బోధిశ్రీ శాసనంలో చీనా పేరు ఉన్న మాట నిజమే. కాని శాసనం చెప్పేది సింహళ స్థవిరులు ఆయా దేశాలవారిని ప్రసన్నులను చేశారని. చీనా నుంచి విద్యార్థులు వచ్చారని కాదు. పైగా దానశాసనాలలో గురువులను గొప్పగా వర్ణించడం ఆచారం. కాబట్టి ఆ దేశాల పట్టికలో ఎంత వాస్తవమో, ఎంత స్తుతియో కూడా విచారించాలి.

రెండవది: 'నాగార్జునకొండ అన్న పేరే ఆచార్య నాగార్జునుడు అక్కడ నివసించాడనడానికి రుజువు' అనే వాదం. ఇక్ష్వాకుల శాసనాలలో ఈ స్థలం పేర్లు విజయపురి, శ్రీపర్వతం. నాగార్జునకొండ అనే పేరు తరువాతి కాలానిది. బౌద్ధ సంప్రదాయం ఆచార్యునికి శ్రీపర్వతంతో సంబంధం చెబుతుంది. ఆ సంప్రదాయాన్ని గౌరవిస్తూనే, సంప్రదాయం వేరు, సమకాలిక శాసనాధారం వేరు అని చెప్పగలగాలి.

మూడవది: 'మన నిలువురాళ్ళు, కొరియా రాతి సమాధులు ఒకే విధంగా ఉన్నాయి. కనుక ఇక్కడివారే అక్కడికి వెళ్ళారు' అనే వాదం. పోలిక ఉన్నంత మాత్రాన సంబంధం ఉన్నట్లు కాదు. పెద్ద రాయిని నిలబెట్టి చనిపోయినవారిని స్మరించుకోవాలనే ఆలోచన వేర్వేరు చోట్ల విడివిడిగా పుట్టవచ్చు. ఇకత్ విషయంలో కూడా ఇంతే. పద్ధతి ఒకటైనా, అది ఎవరి నుంచి ఎవరికి చేరిందో చెప్పాలంటే వర్తక లెక్కలు, కాలం తెలిసిన గుడ్డలు, నేతగాళ్ళ వలసల వివరాలు కావాలి. తేలియా రుమాళ్ళ విషయంలో ఎగుమతి జరిగింది కాబట్టి అరబ్బు దేశాలతో సంబంధం ఉందని నమ్మకంగా చెప్పగలం. ముడుమాల్, కొరియాల మధ్య అటువంటి ఆధారం లేదు.

అందువల్ల ఏ వాదాన్ని విన్నా ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి: ఆధారం ఏది? అది ఏ కాలానిది? అది అక్షరాలా ఏమి చెబుతోంది? దానికి మరొక అర్థం వచ్చే అవకాశం ఉందా?

1.6 ఈ జాగ్రత్త ఎందుకు అవసరం?

'చిన్న అతిశయోక్తి వల్ల నష్టమేమిటి?' అని మీరు అడగవచ్చు. మన ప్రాంత పరిస్థితిని చూస్తే సమాధానం దొరుకుతుంది.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. లోయ నీట మునుగుతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో విస్తృతంగా తవ్వకాలు జరిపారు. అంతకు ముందు 1927–31 మధ్య లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ అక్కడ తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలను కొండపైన, అనుపు వద్ద తిరిగి నిర్మించారు. మిగిలినది నీటి అడుగున ఉంది. ఎడమ గట్టున నల్గొండ జిల్లాలోని ఏలేశ్వరం కూడా తవ్వకాల తరువాత మునిగిపోయింది. శ్రీశైలం ప్రాజెక్టు సమయంలో కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించారు. జటప్రోలు ఆలయాలను కూడా ముంపు నుంచి తప్పించి వేరే చోట నిర్మించారు.

ఆ నీరు లక్షల ఎకరాలకు ప్రాణం పోసింది. ఆ మేలు చిన్నది కాదు. అయితే మునిగిన ఊళ్ళ విషయంలో మనం మళ్ళీ వెళ్ళి పరీక్షించే అవకాశాన్ని కోల్పోయాము. ఇప్పుడు మనకు మిగిలినవి తవ్వకాల నివేదికలు, కొలతలు, ఛాయాచిత్రాలు, శాసన పాఠాలు, తరలించిన రాళ్ళు మాత్రమే. ఒక తప్పు మాట సదస్సు సంచికలోకి, అక్కడి నుంచి పర్యాటక కరపత్రంలోకి, అక్కడి నుంచి బడి పుస్తకంలోకి వెళితే దానిని సరిదిద్దడానికి ఆ స్థలం ఇక అందుబాటులో ఉండదు. నమోదు ఎంత నిజాయితీగా ఉంటే మన చరిత్ర అంత భద్రంగా ఉంటుంది.

ఇంకొక కారణం కూడా ఉంది. అతిశయోక్తి ఒకసారి బయటపడితే వినేవారు నిజాన్ని కూడా నమ్మరు. బోధిశ్రీ శాసనం ఉన్నది ఉన్నట్లుగానే గొప్పది. దానికి అదనపు అలంకారం అవసరం లేదు.

1.7 దూరవిద్యా విద్యార్థి ఏమి చేయవచ్చు?

మీలో చాలామంది ఉద్యోగమో, వ్యవసాయమో, ఇంటి బాధ్యతలో చూసుకొంటూ చదువుతున్నారు. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో రోజూ ఉండే అవకాశం మీకు లేదు. కాని ఆధారాలకు దగ్గరగా ఉన్నది మీరే. ఈ కింది పనులు చేయవచ్చు.

సదస్సుకు ముందు: అంశానికి సంబంధించిన కనీసం ఒక ఆధారాన్ని, అంటే ఒక శాసన పాఠాన్నో, ఒక శిల్పాన్నో, ఒక చీరనో పరిశీలించండి. ఒక ప్రశ్న రాసుకొని వెళ్ళండి.

సదస్సులో: వక్త చెప్పిన ముఖ్య వాదాన్ని ఒక వాక్యంలో రాయండి. దాని కింద ఆయన చూపిన ఆధారాన్ని రాయండి. ఆధారం గడి ఖాళీగా మిగిలితే మీరు అడగవలసిన ప్రశ్న అదే. 'అయ్యా, ఈ విషయం ఏ శాసనంలో ఉందో దయచేసి చెప్పగలరా?' అని వినయంగా అడగవచ్చు. ప్రశ్న అడగడం పెద్దలను అగౌరవపరచడం కాదు.

సదస్సు తరువాత: మీ ఊరిలో ఒక చిన్న నమోదు చేయండి. పాత బావి మీద రాత, గుడి ముందు వీరగల్లు, మగ్గం పని మాటలు, వలస వెళ్ళి వచ్చినవారి అనుభవాలు – వీటిలో ఏదైనా తీసుకోండి. తేదీ, స్థలం, చెప్పినవారి అనుమతి తప్పనిసరిగా రాసుకోండి. రాతి మీద సుద్ద, నూనె, రంగు పూయకండి. దేనినీ కదిలించకండి. కొత్త శాసనమో విగ్రహమో కనిపిస్తే తహసీల్దారు ద్వారా పురావస్తు శాఖకు తెలియజేయండి. శిల్పాన్ని దాని చోటు నుంచి కదిలిస్తే అది చెప్పగలిగిన చరిత్రలో సగం పోతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) బోధిశ్రీ చైత్యగృహాన్ని ఎవరి కోసం కట్టించింది?
(ఆ) పోలిక ఉంటే సంబంధం ఉన్నట్లేనా? ఒక ఉదాహరణ ఇవ్వండి.

1.8 సారాంశం

ఆసియా అధ్యయనాలు దూర దేశాల గురించిన సమాచారం మాత్రమే కాదు. మన ఊరి రాయికి, గుడ్డకు, మాటకు ఇతర ఆసియా ప్రాంతాలతో ఉన్న సంబంధాన్ని పరిశీలించడం కూడా ఇందులో భాగం. సాంస్కృతిక కార్యక్రమం ఆసక్తిని కలిగిస్తుంది, విద్యా సదస్సు వాదాన్ని పరీక్షిస్తుంది. ఈ రెండూ కలిసినప్పుడే ప్రయోజనం పూర్తి అవుతుంది. విజయపురి, ఫణిగిరి, పుట్టపాక, ముడుమాల్ వంటి చోట్ల మనకు బలమైన ఆధారాలున్నాయి. వాటిలో కొన్ని స్థలాలు నీట మునిగినందువల్ల మిగిలిన నమోదును కాపాడటం, ఆధారం చెప్పినంతే చెప్పడం మన బాధ్యత.

1.9 'మీ ప్రగతిని పరీక్షించుకోండి' – సమాధానాలు

1. (అ) సరోజినీ నాయుడు. (ఆ) ఆసక్తిని కలిగిస్తుంది కాని తనంతట తాను ఏ విషయాన్నీ రుజువు చేయదు.
2. (అ) తామ్రపర్ణికి చెందిన స్థవిరుల కోసం. (ఆ) కాదు. ముడుమాల్ నిలువురాళ్ళకు, కొరియా రాతి సమాధులకు పోలిక ఉన్నా సంబంధాన్ని చూపే ఆధారం లేదు.

1.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సాంస్కృతిక కార్యక్రమానికి, విద్యా సదస్సుకు ఉన్న తేడాను, సంబంధాన్ని ఉదాహరణలతో వివరించండి.
2. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఆసియా అధ్యయనాలకు తోడ్పడే ఆధారాలను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బోధిశ్రీ శాసనం ప్రాముఖ్యం ఏమిటి?
2. ఒక వాదాన్ని పరీక్షించడానికి వేయవలసిన నాలుగు ప్రశ్నలను తెలపండి.
3. మీ ఊరిలో నమోదు చేయదగిన ఒక ఆధారాన్ని ఎన్నుకొని, దానిని ఎందుకు ఎన్నుకొన్నారో రాయండి.

1.11 ముఖ్య పదాలు

స్థవిరుడు: బౌద్ధ సంఘంలో పెద్ద భిక్షువు.
ఉపాసిక: గృహస్థ జీవితంలో ఉంటూ బౌద్ధాన్ని అనుసరించే స్త్రీ.
కీలకోపన్యాసం: సదస్సు అంశానికి దిశను చూపే ప్రధాన ప్రసంగం.
పత్ర సంక్షిప్తి: సమర్పించబోయే పరిశోధన పత్రం సారాన్ని కొద్ది మాటలలో చెప్పేది.
జంట ఇకత్: నిలువు, పేక పోగులు రెండింటినీ కట్టి రంగు వేసి నేసే పద్ధతి.